11 దేశాల్లో చూశారంటే ఎవరు చూసినట్టు?



కిందటి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక అమ్మగారు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా కుర్చీలోంచి లేవలేదు. ఫోన్ తీసి నా ముందు పెట్టి, "మేడం, ఇదొకసారి చూడండి, నాకు భయంగా ఉంది" అన్నారు.

వాళ్ల పాప 8వ తరగతి. ఏడాదిగా యూట్యూబ్‌లో కథలు చెబుతోంది. అవ్వ దగ్గర విన్న కథలు, వాటికి తను గీసిన బొమ్మలు. ముఖం కనబడదు, గొంతు మాత్రమే వినబడుతుంది. చానెల్ అమ్మ అకౌంట్ మీదే ఉంది. ఏడాది నిండిందని ఆ పిల్ల సంవత్సరం మొత్తం లెక్క తీసింది. 2,936 వ్యూస్, 11 దేశాలు. పాపకు గర్వం, అమ్మకు దిగులు. "ఇన్ని దేశాలవాళ్లు మా పాప గొంతు ఎందుకు వింటున్నారు మేడం? మూసేయమంటారా?"

అదే రోజు మధ్యాహ్నం ఇంకొక నాన్నగారు వచ్చారు. వాళ్ల అబ్బాయి 9వ తరగతి, సైన్స్ ప్రయోగాల వీడియోలు చేస్తాడు. ఆయన బాధ దీనికి పూర్తిగా తలకిందులు. "మావాడి వీడియో 140 మందే చూశారంట. క్లాసులో ఎవరికో పదివేలు వచ్చాయంట. రెండు రోజులుగా సరిగ్గా అన్నం తినడం లేదు."

నేను లెక్కల టీచర్ని, కంప్యూటర్ టీచర్ని కాను. కానీ రెండిళ్లలోనూ గొడవ ఒక అంకె గురించే కాబట్టి ఇది నా పీరియడే అనుకుని కూర్చున్నాను. ఆ తర్వాత చాలామంది ఇళ్లలో ఇదే సంగతి ఉందని తెలిసి, ఆ ఇద్దరు తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, పేర్లు లేకుండా రాస్తున్నాను.

ముందు వ్యూ అంటే ఏమిటో చూద్దాం. అది మనిషి కాదు, చూడటం. కడప నుంచి ప్రొద్దుటూరుకు రోజూ బస్సులో వెళ్లే ఉద్యోగి నెలకు 25 టిక్కెట్లు తీసుకుంటాడు. కండక్టర్ లెక్కలో అవి 25 టిక్కెట్లే, 25 మంది కాదు. వ్యూ కూడా టిక్కెట్టు లాంటిదే. ఒకే మనిషి పదిసార్లు చూస్తే పది వ్యూస్ పడవచ్చు. మనుషులెందరో చెప్పే లెక్క వేరే ఉంది, దాన్ని యూనిక్ వ్యూయర్స్ అంటారు. అది కూడా తలలు లెక్కపెట్టి చెప్పేది కాదు, కంపెనీ వేసే అంచనా. ఒకే మనిషి ఫోన్‌లో ఒకసారి, టీవీలో ఒకసారి చూస్తాడు. ఒకే టీవీ ముందు నలుగురు కూర్చుంటారు. యంత్రానికి ఈ రెండూ కచ్చితంగా తెలిసే దారి లేదు.

షార్ట్స్ అనే చిన్న వీడియోల దగ్గరికి వస్తే లెక్క ఇంకా పలచబడుతుంది. 2025 మార్చి 31 నుంచి షార్ట్ మొదలైతే చాలు, యూట్యూబ్ ఒక వ్యూ వేస్తోంది. ఇన్ని సెకన్లు చూడాలన్న నియమం లేదు. మన బొటనవేలు పైకి నెట్టేస్తున్నప్పుడు దాటిపోయినవి కూడా అందులో ఉంటాయి. "క్లాసులో ఎవరికో వచ్చిన పదివేలు" షార్ట్స్‌లో వచ్చినవే అయితే, 6 నిమిషాల ప్రయోగం వీడియోకు వచ్చిన 140తో వాటిని పక్కపక్కన పెట్టడమే తప్పు. కిలోలనూ లీటర్లనూ కూడినట్టు ఉంటుంది.

ఇంప్రెషన్స్ అనే అంకె ఒకటుంది, పిల్లలు దాన్ని కూడా వ్యూస్ అనుకుని సంతోషిస్తారు. వీడియో బొమ్మ ఎవరి స్క్రీన్ మీదైనా కనీసం సగం భాగం, ఒక సెకను కంటే ఎక్కువసేపు కనబడితే అది ఒక ఇంప్రెషన్. అంటే షాపు ముందు నుంచి నడిచి వెళ్లినవాళ్లు. లోపలికి వచ్చినవాళ్లు ఎంతమంది? యూట్యూబ్ లెక్క ప్రకారం సగం చానెళ్లలో ఇది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుంది. వెయ్యిమందికి బొమ్మ కనబడితే 20 నుంచి 100 క్లిక్కులు. మీ అబ్బాయి వీడియోను వెయ్యి స్క్రీన్ల మీద చూపిస్తే 40 మంది నొక్కారంటే అది వైఫల్యం కాదు, మామూలు సంగతి.

ఇక అమ్మగారి భయానికి వద్దాం. 11 దేశాలు ఎక్కడినుంచి వచ్చాయి?

ఇంటర్నెట్‌కు కలిసిన ప్రతి కనెక్షన్‌కూ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. ఈ అడ్రస్‌లను ప్రపంచంలో అయిదు ప్రాంతీయ సంస్థలు పంచుతాయి. మన ఆసియా, పసిఫిక్ ప్రాంతానికి సంబంధించినది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. ఏ అడ్రస్‌లు ఏ దేశపు కంపెనీ చేతిలో ఉన్నాయో, ఎక్కడ వాడుతున్నారో జాబితాలు ఉంటాయి కాబట్టి, చూసిన ఫోన్ ఏ దేశంలో ఉందో దాదాపుగా పట్టుకుంటారు. పాత ల్యాండ్‌లైన్ కోడ్ గుర్తుందా? 08562 అంటే కడప, 040 అంటే హైదరాబాద్. 040 నుంచి ఫోన్ వచ్చిందంటే హైదరాబాద్‌లోని ఫోన్ మోగించారని అర్థం. మాట్లాడేది మీ పిన్నే కావచ్చు.

నేను పాపను పిలిచి, జాబితా ముందు పెట్టుకుని, "ఒక్కొక్క దేశం పక్కన నీకు తెలిసినవాళ్లు అక్కడ ఉంటే రాయి" అన్నాను. భారత్ 2,210. కువైట్ 412. అమెరికా 187. మిగతా 8 దేశాలూ కలిపి 127.

కువైట్ పక్కన పెన్ను ఆగలేదు. వాళ్ల నాన్న అక్కడే డ్రైవర్. రాయచోటి, రాజంపేట, బద్వేలు వైపు ఇళ్లలో కువైట్ అంటే ఎవరో ఒకరు గుర్తుకు రావడం మనకు కొత్త కాదు. ఆయన డ్యూటీ దిగి, గదికి వచ్చి, నిద్రపోయే ముందు కూతురి కథ పెట్టుకుంటారట. గదిలో ఇంకో ముగ్గురు మనవాళ్లే. ఒక్కోసారి పాత కథే మళ్లీ. మన టైముకు వాళ్లది రెండున్నర గంటలు వెనక కాబట్టి, ఆయన వింటున్నప్పుడు ఇక్కడ పాప నిద్రలో ఉంటుంది. 412 వ్యూస్ వెనక ఉన్నది పరాయి దేశం కాదు, ఒక గది.

ఆ జాబితాలో నాకు బాగా నచ్చింది ఇంకొకటి. నెలలవారీగా చూస్తే జూన్, జులైల్లో కువైట్ దగ్గర దాదాపు ఏమీ లేదు. పాప అప్పట్లో "నా కథలు బాలేవేమో, కువైట్‌లో ఎవరూ చూడట్లేదు" అని బెంగపడిందట. ఆ రెండు నెలలూ నాన్న సెలవు మీద ఇంటికి వచ్చి ఉన్నారు! పక్క మంచం మీద పడుకుని, ఇంటి వైఫైలో చూశారు. ఆయన వ్యూస్ భారత్ ఖాతాలో పడ్డాయి.

అమెరికా సంగతి ఇంకా తమాషా. న్యూజెర్సీలో పిన్ని ఉంది, సరే. కానీ వాళ్ల మామ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కథ పెట్టుకుంటానని చెప్పాడట. చాలా కంపెనీల ల్యాప్‌టాప్‌లు వీపీఎన్ అనే దారిలో వెళ్తాయి. మనిషి ఇక్కడే ఉంటాడు, ఇంటర్నెట్‌లోకి తలుపు మాత్రం అమెరికాలోనో యూరప్‌లోనో తెరుచుకుంటుంది. లెక్కలో పడేది ఆ తలుపు ఉన్న దేశం. మీలో ఐటీ ఉద్యోగులు ఉంటే, మీ పిల్లల వీడియోకు మీరే విదేశీ ప్రేక్షకులు అయిపోయి ఉండవచ్చు.

ఇవన్నీ తీసేశాక కూడా తెలియనివాళ్లు కొందరు మిగిలారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగు ఇళ్లవాళ్లే అయి ఉంటారని నా ఊహ, ఎందుకంటే కథ తెలుగులో ఉంది. భాష తెలియనివాళ్లు పది సెకన్లకు మించి ఉండరు. పైగా మనవాళ్లు బయట తక్కువేమీ లేరు. అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 2010, 2017 మధ్య 86 శాతం పెరిగారని, అక్కడి జనగణన శాఖ సర్వేల ఆధారంగా సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ అనే సంస్థ లెక్క తేల్చింది. ఆ కాలంలో అంత వేగంగా పెరిగిన పెద్ద భాష అక్కడ ఇంకొకటి లేదు. అక్కడ పుట్టిన పిల్లలకు అవ్వ కథ వినిపించాలనుకునే అమ్మలు ఉంటారు కదా.

అయినా అమ్మగారి ప్రశ్న ప్రశ్నే. ఎవరు చూస్తున్నారో పేరు తెలుస్తుందా? తెలియదు. చానెల్ ఉన్నవాళ్లకు కనబడేది మొత్తాలు మాత్రమే. దేశం, ఏ రోజు, ఎంతసేపు, ఫోనా టీవీనా అన్నంతవరకే. అందుకని దేశాల జాబితా చూసి భయపడటం వల్ల ఉపయోగం లేదు. పక్క వీధివాళ్లు చూసినా "భారత్" అనే పడుతుంది. నేను ఆమెను జాబితా మూసి వీడియోలు తెరవమన్నాను. వాటిలో ఏం కనబడుతోంది? స్కూల్ యూనిఫారం, ఐడీ కార్డు, ఇంటి నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, స్కూల్ బస్సు రూటు, "రేపు సాయంత్రం ట్యూషన్‌కు వెళ్లాక" లాంటి మాటలు. పాప వీడియోల్లో ఒకే ఒక్కచోట బొమ్మ కింద పూర్తి పేరు, తరగతి, సెక్షన్, స్కూల్ పేరు రాసి ఉన్నాయి, మనం హోంవర్క్ మీద రాయిస్తాం చూడండి, ఆ అలవాటు! దాన్ని తీయించాం. పిల్లలు కనిపించే వీడియోల్లో చాలావాటికి యూట్యూబ్ 2019 నుంచే కామెంట్లు ఆపేసింది. గొంతు మాత్రమే ఉంటే ఆ గుర్తింపు జరగకపోవచ్చు, కాబట్టి కామెంట్లు మూసే పని మీరే చేయాలి. సెట్టింగ్స్‌లో ఒక్క నిమిషం. వీడియోను అందరికీ కాక లింక్ ఉన్నవాళ్లకే కనబడేలా పెట్టే వీలు కూడా ఉంది. ఇంటివాళ్ల కోసమే అయితే అది చాలు, లింక్‌ను వాళ్లు ఇంకొకరికి పంపగలరన్నది మాత్రం గుర్తుంచుకోండి.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారంతా పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, పిల్లల ప్రవర్తనను వెంటాడి గమనించడం, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదని అందులో ఉంది. కాబట్టి "అదంతా నాకు తెలియదమ్మా, మా పాపే చూసుకుంటుంది" అనకండి. ఆ అనుమతి అడిగేది మిమ్మల్నే.

ఇప్పుడు 9వ తరగతి అబ్బాయి. నాన్నగారు మీటింగ్‌కు వచ్చేసరికే ఇంట్లో ఇంకో సంగతి జరిగిపోయింది, అది ఆయనకు తర్వాత వారం తెలిసింది. నాన్న ఫోన్‌లోంచి 499 రూపాయలు కట్టి, వ్యూస్ అమ్మేవాళ్ల దగ్గర 5,000 వ్యూస్ కొన్నాడు. ఒక్క రాత్రిలో 140 కాస్తా 5,140 అయింది. క్లాసులో అందరికీ చూపించాడు. అయిదో రోజుకు మళ్లీ 140 దగ్గరికి దిగింది. డబ్బు పోయింది, పరువు పోయిందని స్టాఫ్ రూమ్ బయట నిలబడి ఏడ్చాడు.

ఎలా పట్టుకున్నారు అని అడిగాడు కళ్లు తుడుచుకుంటూ. నిజానికి ఆ లెక్క వాడి ఫోన్‌లోనే ఉంది. తెలుగులో చెప్పిన ప్రయోగం. చూసినవి అంతకుముందు ఒక్క వ్యూ కూడా రాని దేశాలు, అన్నీ ఒకే రాత్రి. సగటున చూసింది 3 సెకన్లు. ఇద్దరం బోర్డు మీద వేశాం. 5,000 సార్లు 3 సెకన్లు అంటే 15,000 సెకన్లు, 250 నిమిషాలు. పాత 140 వ్యూస్‌కు సగటు 2 నిమిషాలు, అంటే 280 నిమిషాలు. కొన్న అయిదు వేల కంటే ఉన్న 140 దగ్గరే ఎక్కువ కాలం ఉంది. మన 45 నిమిషాల పీరియడ్లలో చెప్పాలంటే ఆరు పీరియడ్లకు పైగా జనం వాడి మాట విన్నారు. నా మాట అంతసేపు శ్రద్ధగా వింటారో లేదో నాకే అనుమానం!

దొంగ వ్యూస్‌ను ఏరివేయడం యూట్యూబ్ ఎప్పటినుంచో చేస్తున్న పని. కొన్నేళ్ల కిందట కొత్త వీడియోల కౌంటర్ 301 దగ్గర ఆగిపోయేది, మీలో కొందరికి గుర్తుండాలి. అక్కడివరకు వెంటనే లెక్కపెట్టి, ఆ తర్వాతవి అసలువా నకిలీవా చూసుకుని కలిపేవారు. 300 దగ్గర ఆగాల్సింది 301 ఎందుకైందంటే, ప్రోగ్రాంలో "300 లేదా అంతకంటే తక్కువ" అని రాశారు. 300కి కూడా ఆ షరతు సరిపోతుంది కాబట్టి ఇంకొకటి కలిసేది. అసమానతల పాఠంలో సమానం గీత మరచిపోతే ఒక మార్కు తీసేస్తానని పిల్లలు నామీద కోపంగా ఉంటారు, అందుకే ఈ కథ వాళ్లకు తప్పకుండా చెబుతాను. 2015 ఆగస్టులో ఆ పద్ధతి తీసేశారు.

డబ్బు సంగతి కూడా కొందరు తండ్రులు మొహమాటపడుతూ అడిగారు. పూర్తి ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, దానితోపాటు గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ ఉండాలి. 4,000 గంటలు అంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు 3 నిమిషాలు చూస్తే 80,000 వ్యూస్ కావాలి. డబ్బు అందుకునే ఖాతా కూడా 18 ఏళ్లు నిండినవారిదే అయి ఉండాలి. పదో తరగతి పిల్లవాడు బోర్డు పరీక్షల ఏడాదిలో దీనికోసం రాత్రి ఒంటిగంట దాకా ఎడిటింగ్ చేస్తున్నాడంటే ఈ భాగహారం ఒకసారి కలిసి చేయండి.

సంవత్సరం మొత్తం అనే అంకెతో ఇంకో చిక్కుంది. పాప 2,936ను 12తో భాగించి "నెలకు సుమారు 245" అని రాసుకుంది. కానీ ఒక్క జనవరిలోనే 1,100 వచ్చాయి. సంక్రాంతికి బంధువులంతా ఒకచోట చేరారు, అమ్మ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో లింక్ పెట్టారు. జనవరి తీసేస్తే మిగతా 11 నెలల సగటు 167. ఆ పిల్ల ఫిబ్రవరి నుంచి ప్రతి నెలా "తగ్గిపోయింది" అని బాధపడింది, తగ్గింది పండగ మాత్రమే. మీలో తెలుగు మీడియంలో చదివినవారికి సగటు, మధ్యగతం, బాహుళకం గుర్తుండే ఉంటాయి. ఒక్క పెద్ద అంకె వచ్చి సగటును లాగేస్తున్నప్పుడు మధ్యగతం చూడమని చెప్పేది ఇందుకే.

రోజువారీ గ్రాఫ్‌లో ఇంకో మోసం, ఇది పిల్లలకు తెలిస్తే చాలా గొడవలు తగ్గుతాయి. యూట్యూబ్ లెక్కల్లో రోజు అమెరికా పసిఫిక్ తీరపు గడియారం ప్రకారం మారుతుంది. మన గడియారంలో అది వాళ్ల వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. ఆదివారం పొద్దున మీ పాప పెట్టిన వీడియోను మీరంతా పొద్దున్నే చూస్తే, అవి శనివారం గీతలో పడతాయి. "ఆదివారం ఎవరూ చూడలేదు" అని అలిగితే ఆ అలకకు కారణం కాలిఫోర్నియా గడియారం.

ఆ అమ్మగారు చానెల్ మూయించలేదు. కానీ ఒక సంగతి మెల్లగా చెప్పారు, పాప రోజుకు ఇరవైసార్లు ఆ లెక్క తెరిచి చూస్తోందని, హాఫ్ ఇయర్లీ పరీక్షల ముందు రాత్రి కూడా దుప్పట్లో ఫోన్ వెలుగుతోందని. నాకు అసలు దిగులు పుట్టింది 11 దేశాల గురించి కాదు, దీని గురించే. అందుకని ఫోన్‌లోంచి ఆ స్టూడియో యాప్ తీసేశారు. అప్‌లోడ్, లెక్క రెండూ అమ్మ ల్యాప్‌టాప్‌లోనే. నెల చివరి ఆదివారం సాయంత్రం ఒక్కసారి తెరిచి, రూళ్ల నోటుబుక్కులో మూడు గడులు రాస్తుంది. ఎన్ని వ్యూస్, సగటున ఎంతసేపు, ఏ కథ చివరిదాకా విన్నారు. మొదటి నెల రెండుసార్లు ఏడ్చిందని అమ్మ చెప్పారు. రెండో నెల నోటుబుక్కు తనే తెచ్చి నాకు చూపించింది. ఎక్కువ వ్యూస్ వచ్చిన కథ, చివరిదాకా విన్న కథ వేరువేరని తనే కనిపెట్టింది. పొడుగ్గా ఉందని తను భయపడిన 11 నిమిషాల కథనే ఎక్కువమంది ఆఖరుదాకా విన్నారు.

9వ తరగతి అబ్బాయి 499 రూపాయలను పాకెట్ మనీలోంచి నెలకు వంద చొప్పున నాన్నకు తిరిగి కడుతున్నాడు. ఆ షరతు నాన్నగారిదే, నాది కాదు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి చానెల్ ఉంటే వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఫోన్ తీసుకురండి, సంవత్సరం లెక్క తెరిచి ఉంచండి. పిల్లల్ని కూడా వెంట తీసుకురండి, జాబితాలోని దేశాల పక్కన ఎవరి పేర్లు రాయాలో మనకంటే వాళ్లకే బాగా తెలుసు. మధ్యాహ్నం 3 తర్వాత నేను మ్యాథ్స్ స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను.